తొలి కవరు

పుత్తూరు,
9-6-2008.

చిరంజీవి చక్రధర్‌ను అక్క వసంతమ్మ దీవించి రాసేది.

రెండు రోజులుగా నువ్వు సెల్‌కు చేస్తున్నావేమో, అది బియ్యం డబ్బాలో ఉంది. మీ బావే దాన్ని ఆపి బియ్యంలో పూడ్చిపెట్టాడు. అది మోగితే చాలు, నేను పెరట్లోకి పోయి నిలబడుతున్నాను. ఇకమీద ఏమున్నా ఉత్తరమే రాయి.

సంగతి మొదటినుంచి చెబుతాను. మా ఆటో ముసలిదైపోయింది కదా. విరిగిన ఎముకలకు పుత్తూరు కట్టు కట్టించుకోవడానికి వచ్చేవాళ్ళను రైల్వేస్టేషన్ నుంచి తీసుకుపోతుంటే గుంత గుంతకూ వాళ్ళు అరిచే అరుపులు మీ బావ వినలేకపోతున్నాడు. ఒక ఎముక విరిగి వచ్చినవాళ్ళకు మునస్వామి ఆటో ఎక్కితే రెండోది విరుగుతుందని స్టేషన్ దగ్గర ఎగతాళి కూడా మొదలయింది. కొత్తది కొందామని బ్యాంకుకు పోయాం. మేనేజరు కంప్యూటర్ చూసి, "మునస్వామీ, నీ పేరు బాగలేదప్పా. మద్రాసులో బండి మింద నలభై ఎనిమిది వేలు అప్పు తీసుకొని ఒక్క కంతు గూడా కట్టలేదని ఈడ ఉండాది" అన్నాడు. మీ బావ నవ్వాడు. ఇంకెవరో మునస్వామి అనుకున్నాడు. తండ్రి పేరు, పుట్టిన తేదీ, మా ఇంటి నెంబరు చదివేసరికి నవ్వు ఆగిపోయింది.

ఆ మరుసటి రోజునుంచి ఫోన్లు. తమిళంలో ఒకడు, తెలుగులో ఒకడు. "కట్టకపోతే ఇంటికొస్తాం" అంటారు. ఇంటి గుర్తులు కూడా చెబుతున్నారు. మా ఇంటి గడప రంగు వాళ్ళకెట్లా తెలుసురా?

అప్పులవాళ్ళ పేర్లన్నీ రాసిపెట్టే కంపెనీ కాగితాలే మీ ఆఫీసులో కంప్యూటర్‌కు ఎక్కిస్తారని నువ్వే చెప్పావు కదా. కొంచెం చూసి చెప్పు. ఆ కంపెనీలో నువ్వున్నావన్నదే నాకున్న ధైర్యం.

నువ్వు పంపిన కాగితాల కట్ట అందింది. ఒక వైపే అచ్చు ఉండే తెల్ల కాగితం కాబట్టి నా కవర్లకు మంచి పేరు వచ్చింది. అచ్చు లోపలికి పోయి తెల్లదనం పైకి కనబడేట్టు మడిస్తే అంగళ్ళవాళ్ళు బేరమాడకుండా తీసుకుంటారు. అమ్మ నేర్పినట్టే కట్ట విప్పగానే తొలి కవరుకు పసుపు పెట్టి, రూపాయి బిళ్ళ వేసి దేవుని గూట్లో పెట్టాను. పోయిన ఏడు పోలేకపోయాం, ఈ పెరటాసి నెలలో తిరుమల కొండకు పోయినప్పుడు అన్నీ కలిపి హుండీలో వేయాలి. సఫారీ గుడ్డలు వేసుకుని నెల నెలా కవర్లు కొనడానికి వచ్చే ఆయన మళ్ళీ వచ్చాడు. నూరు కవర్లకు పది రూపాయలు ఎక్కువ ఇచ్చి పోయిన కట్టతో చేసినవి మొత్తం కొన్నాడు. అంటించనివి, చిరిగినవి కూడా ఇమ్మన్నాడంటే చూడు, నా చేతిపని ఎంత నచ్చిందో!

జవాబు కోసం కాచుకుని ఉంటాను.

మీ అక్క,
వసంతమ్మ


తిరుపతి,
14-6-2008.

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి నీ మరదలు మహిత కూడా బాధపడింది. నాది కాగితాలు స్కాన్ చేయించే పని మాత్రమే అక్కా, పేర్ల జాబితా మా చేతిలో ఉండదు. అయినా హెడ్డాఫీసులో తెలిసినాయన్ను అడిగాను. ఆయన చెప్పింది నీకు రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. రాయకుండా ఉండలేను.

అప్పు నిజం. పోయిన దీపావళి ముందర మద్రాసులో తీసుకున్నారు. ఫారం మీద ఫోటో బావదే. సంతకం బావదే. రేషన్ కార్డు నెంబరు మీదే.

అక్కా, నేను నాలుగేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. మనుషులు మరిచిపోతారు, దాస్తారు. కంప్యూటర్‌కు ఆ అవసరం లేదు. దేశంలోని బ్యాంకులన్నీ మా కంపెనీ మాట నమ్ముతున్నాయంటే ఊరికే నమ్మవు. దీపావళి ముందర బావ నాలుగు రోజులు అరుణాచలం పోయివచ్చాడు గుర్తుందా? అక్కడినుంచి మద్రాసు ఎంత దూరం? నేనేమీ అనడం లేదు. కోప్పడకుండా, అన్నం పెట్టేటప్పుడు మెల్లగా అడుగు. ఎవరికైనా సాయం చేయబోయి ఇరుక్కున్నాడేమో.

ఈ నెలాఖరుకు ఇంకో కట్ట ఉండకపోవచ్చు, పని తక్కువగా ఉంది. మా వాచ్‌మన్ దొరస్వామి అన్న నిన్ను అడిగాడు. "అక్కకు కట్ట నలగకుండా అందినాదా సారూ?" అని ప్రతిసారీ అడుగుతాడు. బస్సు మీద ఎక్కించి, తాడు తనే కట్టి, కండక్టరుకు అప్పజెప్పేదాకా కదలడు. నిన్ను చూడకపోయినా అంత అభిమానం.

ధైర్యంగా ఉండు.

తమ్ముడు,
చక్రధర్


పుత్తూరు,
23-6-2008.

చక్రధర్‌కు,

నువ్వు చెప్పినట్టే అన్నం పెట్టేటప్పుడు అడిగాను. ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "నేను మద్రాసు సూసిందే రెండు తూర్లు. రెండు తూర్లూ మీ నాయన కంటి ఆపరేషన్‌కే పోయినా. నీకు తెలీదా?" అన్నాడు. నేను ఊరుకుని ఉంటే సరిపోయేది. మరునాడు ఆయన స్టేషన్‌కు పోయినప్పుడు ఆయన ట్రంకు పెట్టె తెరిచాను. మీ బావ తాళం మరిచిపోయి వెనక్కి వచ్చాడు. నేను ఆయన చొక్కాల జేబులు తడుముతూ దొరికిపోయాను.

కొట్టి ఉంటే బాగుండేది. వాకిట్లో నిలబడి ఒక్క మాటే అన్నాడు. "కంప్యూటర్ సెప్తే నమ్మినావు. ఇరవై రెండేండ్లు నాతో ఉండి నా మాట నమ్మలేదు." ఆరోజునుంచి ఇంట్లో అన్నం ముట్టలేదు. స్టేషన్ బయట ఇడ్లీలు తిని ఆటోలోనే పడుకుంటున్నాడు.

మొన్న మధ్యాహ్నం ఇద్దరు మోటారు సైకిల్ మీద వచ్చారు. నేను తలుపు గడియ పెట్టుకుని లోపల కూర్చున్నాను. వాళ్ళు అరవలేదు, తిట్టలేదు. ఎదురింటి సుబ్బులమ్మ అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగి తాగి, మేము ఎప్పుడు ఇంట్లో ఉంటామో, ఆటో ఎక్కడ ఆపుతామో అన్నీ విచారించి పోయారు. సాయంత్రం సుబ్బులమ్మ వచ్చి, "ఏమ్మే వసంతా, అంత అప్పు చేసి ఏం కొన్నారమ్మే? మాకు సూపించనేలేదే!" అంది. ఏం చెప్పాలి? బయట బండి ఆగిన చప్పుడయితే ఉలిక్కిపడి గడియ చూసుకుంటున్నాను. కవర్లు అంటించబోతే బంక గిన్నె రెండుసార్లు ఒలకబోసుకున్నాను.

నిజం చెప్పనా? నాకిప్పుడు ఎవరిని నమ్మాలో తెలియడం లేదు. ఆయన్ను నమ్మితే నీ కంపెనీ అబద్ధం. నీ కంపెనీని నమ్మితే నా సంసారమే అబద్ధం.

ఇట్లు,
అక్క


తిరుపతి,
2-7-2008.

అక్కా,

బావ కాళ్ళు పట్టుకుని అడుగుతున్నానని చెప్పు. ఆయన తప్పేమీ లేదు.

పేపరులో నువ్వు చూశావో లేదో. మా కంపెనీకి వచ్చిన వివరాలు బయటికి పోయాయి. ఎన్ని వేల మందివో ఇంకా తెలియదు. ఎవరో వాటితో దొంగ అప్పులు తీసుకున్నారు, బావ ఫోటో మీద ఇంకొకడు బండి కొన్నాడు. ఇప్పుడు రోజూ మా గేటు బయట జనం. ఒక రిటైర్డ్ టీచరు కమ్మీలు పట్టుకుని ఏడుస్తున్నాడు. "మేం మీకెప్పుడన్నా మా పేర్లు ఇచ్చినామా? మీకు ఇచ్చిందెవురు? పోగొట్టిందెవురు?" అని అడుగుతున్నాడు. లోపలివాళ్ళు కిటికీలు మూసుకుంటున్నారు. నేనూ కిటికీ మూసుకున్నాను.

పేరు సరిచేయించుకోవాలంటే ఫారం నింపి ఫోటో, రేషన్ కార్డు జిరాక్సు, సంతకం మళ్ళీ మా కంపెనీకే పంపాలి. ముప్పై రోజులు పడుతుందట. ఫారం ఇందులో పెట్టాను.

మొదట కంప్యూటర్‌లోకి దొంగలు చొరబడ్డారని అనుకున్నాం. మద్రాసులో పట్టుబడినవాడి దగ్గర దొరికినవి కాగితాలట. అసలు ఫారాలు. అన్నింటికీ మడతలు ఉన్నాయట. అంచుల్లో బంక మరకలు ఉన్నాయట.

అక్కా, నీ దగ్గర కవర్లు కొనే ఆ సఫారీ గుడ్డలాయన ఎవరు? ఏ ఊరు? ఆయన గురించి ఎవరితోనూ మాట్లాడొద్దు. నా కట్టల్లో మిగిలింది ఏమున్నా, ఒక్క ముక్క కూడా లేకుండా కాల్చేయి. కారణం తర్వాత చెబుతాను. ఈ ఉత్తరం కూడా కాల్చు.

పోలీసులు గేటు రిజిస్టరు అడుగుతున్నారు. కట్టలు బయటికి పోయినప్పుడల్లా దొరస్వామి అన్న తేదీ వేసి రాసిపెట్టాడట. నిన్న వాళ్ళు వస్తున్నారని తెలియగానే ఆయన వెనక గోడ దూకి పారిపోయాడు.

చక్రి


పుత్తూరు,
7-7-2008.

చక్రికి,

మీ బావకు నీ ఉత్తరం నేనే చదివి వినిపించాను. కాళ్ళు పట్టుకున్నానన్న మాట దగ్గర ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "బామ్మర్ది ఏం జేస్తాడు, వాడూ నమ్మినాడు పాపం" అన్నాడు. ఆరోజు ఇంట్లో అన్నం తిన్నాడు. నేను మాత్రం ఆయన ముఖంలోకి సూటిగా చూడలేకపోతున్నాను.

నువ్వు పంపిన ఫారం ఆయన తాకను కూడా తాకలేదు. "దొంగలు పడిన ఇంటికే మళ్ళా తాళంచెవి ఇమ్మంటారా?" అంటాడు. ఇప్పుడు దేనికీ సంతకం పెట్టడం లేదు. పోస్టుమాన్ రిజిస్టరు ఉత్తరం తెచ్చినా వద్దని పంపేశాడు. స్టేషన్ దగ్గర ఆటోవాళ్ళంతా అంతే. ఎవరైనా పేరు అడిగితే, "దేనికి?" అంటున్నారు.

కాల్చమన్నావు కాబట్టి మిగిలిన కట్టంతా నీళ్ళ పొయ్యిలో పెట్టేశాను. మంచి కాగితం, మనసు చివుక్కుమంది. ఆఫీసు చెత్త నాకు ఇచ్చావని మేనేజరు అడుగుతాడనేగా నీ భయం? దానికంత వణుకెందుకురా, చిన్నప్పుడు సీతాఫలాలు దొంగిలించి నా వెనక దాక్కున్నట్టు! ఎవరైనా అడిగితే నేనే అడిగి తీసుకున్నానని చెబుతాను. ఆ సఫారీ ఆయన ఈ నెల రాలేదు. ఊరు చెప్పలేదు. దేవుని గూట్లో ఉండే తొలి కవర్లు మాత్రం తీయలేదు. అవి స్వామివి కదా.

మీ బావ పొద్దున స్టేషన్ నుంచి ఒక పెద్దాయన్ను తీసుకొచ్చాడు. చెయ్యి మోచేతి దగ్గర విరిగి వాచిపోయి ఉంది. వెంట ఆయన భార్య. కట్టు కట్టించుకున్నారు కానీ వారానికొకసారి మళ్ళీ చూపించాలి, ఇక్కడ ఎవరూ లేరట. మన పంచలో ఉండమన్నాను. ఎందుకో పాపం, వీధిలో బండి ఆగితే ఆయనా నాలాగే ఉలిక్కిపడుతున్నాడు.

అక్క


తిరుపతి,
10-7-2008.

అక్కా,

ఇది నువ్వొక్కదానివే చదువు.

అవి చెత్త కాదు. జనం అప్పుకు పెట్టుకున్న ఫారాలు. స్కాన్ అయిపోయాక వాటిని యంత్రంలో వేసి సన్నగా కత్తిరించేయాలి. ఆ పని నాది. పోయిన ఏడాది జనవరిలో యంత్రం చెడిపోయింది. అప్పుడే నువ్వు పాత పేపరు ధర పెరిగిపోయిందని, కవర్ల పని మానేస్తానని రాశావు. ఇంత మంచి కాగితం ఊరికే పోతోందే, మా అక్కకైనా పనికొస్తుందిలే అనుకున్నాను. యంత్రం బాగుపడ్డాక కూడా పంపుతూనే ఉన్నాను. నెల నెలా రిజిస్టరులో "నాశనం చేయబడినవి" అని రాసి సంతకం పెట్టాను. నీ పసుపు చేతుల్లోకి పోయే కాగితంతో ఎవరికి ఏం కీడు జరుగుతుందిలే అనుకున్నాను. ఆ పేర్లు చదివేవాడు ఒకడుంటాడని నాకు తట్టనే లేదు.

నా సంతకం చూసి పోలీసులు నన్ను నమ్మారు. నేను నాశనం చేయించడానికి ఇస్తే దొరస్వామి అన్న దొంగచాటుగా అమ్ముకున్నాడని రాసుకున్నారు. నేను అవునని అనలేదు. కాదనీ అనలేదు. పేపరులో ఆయన ఫోటో వేశారు.

జైలు అంటే నాకు భయం అక్కా. మహితకు ఇంకా చెప్పలేదు. అన్నం ముందర కూర్చుని లేచిపోతున్నాను. దొరస్వామి అన్న ఎట్లాగూ పారిపోయాడు, కొన్నాళ్ళు పోతే అందరూ మరిచిపోతారు. నువ్వు దేవుని గూట్లోవి కూడా కాల్చేయి. స్వామి మనల్ని క్షమిస్తాడు. నీకు దండం పెడతాను, కాల్చేయి.

చక్రి


పుత్తూరు,
14-7-2008.

నాయనా చక్రీ,

నీ ఉత్తరం అందిన రోజు మధ్యాహ్నం మీ బావ స్టేషన్‌కు పోయాడు. నేను గూటి ముందర కూర్చున్నాను. కాల్చడానికే కూర్చున్నాను, అబద్ధం చెప్పను. రూపాయి బిళ్ళలు తీయాలి కదా అని ఒక్కొక్క కవరూ విప్పాను. పద్దెనిమిది. ఇన్నాళ్ళు వేల కవర్లు మడిచాను, లోపలి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఆడవాళ్ళ ఫోటోలు, మగవాళ్ళ ఫోటోలు. అందరూ ఫోటో కోసం తల దువ్వుకుని, మంచి చొక్కా వేసుకుని ఉన్నారు. ఇంగ్లీషు నాకు రాదు కాబట్టి ముఖాలు మాత్రం చూసుకుంటూ పోయాను. మూడో కవరు తెలుగులో ఉంది. రేషన్ కార్డు జిరాక్సు. కుటుంబ పెద్ద మునస్వామి. భార్య వసంతమ్మ.

రెండేళ్ళ కిందట మీ బావ ఆటో అప్పుకు పెట్టుకుని, వద్దనుకుని వదిలేసిన ఫారం తాలూకు కాగితం. దాని ముందర ఉండే ఫోటో కాగితాన్ని నేనే మడిచి, నేనే అంటించి, పది రూపాయలు ఎక్కువకు ఆ సఫారీవాడి చేతికి ఇచ్చాను. ఇరవై రెండేళ్ళు కాపురం చేసిన మనిషిని వీధిలో పెట్టి అమ్మింది నేనేరా. ఆ తర్వాత ఆయన జేబులు వెతికిందీ నేనే.

ఇంకొకటి విను. పంచలో ఉన్న పెద్దాయన పేరు ఇన్నాళ్ళూ చెప్పలేదు. నిన్న మజ్జిగ ఇస్తుంటే గోడకు తగిలించిన తాళ్ళవైపే చూస్తున్నాడు. కట్టలకు వచ్చిన తాళ్ళు పారేయకుండా దాచిపెట్టాను కదా. మజ్జిగ చెంబు కింద పెట్టేసి, "ఆ ముడి నేనేసిందేమ్మా" అన్నాడు. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. దొరస్వామి అన్నేరా. నువ్వు పారిపోయాడని రాసిన మనిషి నా పంచలో ఒంటి చేత్తో అన్నం కలుపుకుంటున్నాడు.

"పోలీసులకు నిజం ఎందుకు చెప్పలేదన్నా?" అని అడిగాను. "ఏం సెప్పేదమ్మా? సారు మంచోడు. పుత్తూర్లో వాళ్ళక్క ఉండాది, కవర్లంటించుకోని బతుకుతాది అని సెప్పినాడు. నేను నోరు తెరిస్తే ఆయమ్మను గూడా పోలీస్ స్టేషన్‌కి పిలుస్తారే అని బయపడి గోడ దూకినా" అన్నాడు. నన్ను కాపాడటానికి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు చక్రీ, నా ముఖం కూడా చూడకుండా. పక్కన కూర్చున్న ఆయన భార్య వరదమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

మీ బావకు అన్నీ చెప్పేశాను. చాలాసేపు ఆటో తుడుస్తూ ఉండిపోయాడు. తర్వాత వచ్చి, "ఆ కాగితం సూపిస్తే నా పేరు బాగవుతాది. బామ్మర్ది పేరు పోతాది. నాకు ఆ కొత్త ఆటో వద్దు, నువ్వే యోచన చెయ్యి" అన్నాడు. ఆయన అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది.

నేను కాల్చలేదు. కాల్చను. సీతాఫలాల రోజు నిన్ను నా వెనక దాచుకున్నాను, నిజమే. ఇప్పుడు నా వెనక చోటు లేదురా, అక్కడ దొరస్వామి అన్న కూర్చుని ఉన్నాడు. నాకూ భయమే. నిన్ను బోనులో ఊహించుకుని ఈ ఉత్తరం రెండుసార్లు చింపి మళ్ళీ రాశాను. శనివారం దాకా చూస్తాను. నువ్వు రాకపోతే ఈ పద్దెనిమిదీ కొంగున కట్టుకుని నేనే తిరుపతికి వస్తాను, ఆ గేటు ముందర ఏడ్చే టీచరు పక్కన నిలబడతాను. ఏం జరిగినా నువ్వు నా తమ్ముడివి కాకుండా పోవు.

అన్నం తిను.

వసంతక్క


తిరుపతి,
16-7-2008.

అక్కా,

మహితకు చెప్పాను. నాతో వస్తానంటోంది.

శుక్రవారం పది గంటల బస్సుకు పుత్తూరులో దిగుతాను. దొరస్వామి అన్నను ఎక్కడికీ పోనివ్వవద్దు. ముందు ఆయన విరిగిన చేతికి దండం పెట్టాలి, తర్వాతే మిగతా పని. ఆటో తీసి ఉంచమని బావను అడుగు. ఆయన ఒప్పుకుంటే పోలీస్ స్టేషన్‌కు ఆయన బండిలోనే పోదాం. గుంతలకు నేను అరవను.

దారిలో నాకు ధైర్యం చాలకపోవచ్చు. నా సంగతి నాకు తెలుసు. బస్సు దిగకుండా ముందుకు వెళ్ళిపోతానేమోనని ఇప్పుడే భయంగా ఉంది. అందుకే ఈ ఉత్తరంతోపాటు ఇంకో కాగితం పెట్టాను. పోయిన ఏడాది జనవరి నుంచి ఈ జూన్ దాకా, ఏ నెల ఎన్ని కట్టలు, ఏ బస్సులో పంపానో రాసి, అది నేనే చేశాననీ, కట్టల్లో ఉన్నదేమిటో దొరస్వామికి తెలియదనీ సంతకం పెట్టాను. నేను రాకపోయినా నువ్వు అది తీసుకుపో.

దాన్ని పద్దెనిమిదింటి పక్కన పందొమ్మిదోదిగా గూట్లో పెట్టు. అమ్మ చెప్పినట్టు పసుపు పెట్టి, కవరులాగే మడువు.

ఈసారి మాత్రం రాత పైకి కనబడేట్టు మడువక్కా.

చక్రధర్